స్కిల్ ల్యాబ్‌లో వీడియోతో ఫీడ్‌బ్యాక్: మొదటి రికార్డింగ్ నుంచి రెండో ప్రయత్నం దాకా

"వీడియోలు తీస్తున్నాం మేడమ్, పిల్లల్లో మాత్రం మార్పు రావట్లేదు." గాజువాక నుంచీ మద్దిలపాలెం నుంచీ విజయనగరం నుంచీ కూడా, స్కిల్ ల్యాబ్‌లో విద్యార్థులు పని చేస్తుంటే వీడియో తీసి వాళ్ళకే చూపించే ట్యూటర్లు నన్ను అడుగుతున్నది ఇదే. ఎలా చూపిస్తున్నారని అడిగితే చాలామంది ఒకటే చెబుతారు. ఇరవై నిమిషాల వీడియో ప్రొజెక్టర్ మీద వేస్తారు. ట్యూటర్ ఆపి ఆపి తప్పులు చెబుతారు. క్లాసంతా చూస్తుంటుంది, వీడియోలో ఉన్న అమ్మాయి తల దించుకుని కూర్చుంటుంది. అలా చూపిస్తే ఎవరూ నేర్చుకోరు.

విశాఖలో నర్సింగ్ విద్యార్థులకీ, కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకీ, హౌస్ సర్జన్లకీ చేతి పనులు నేర్పడం నా ఉద్యోగం. నేను పనిచేసిన ఒకచోట ఒక స్టాఫ్ నర్సు ఉండేది. క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టే చోటు స్పిరిట్‌తో తుడిచాక నరం ఎక్కడుందో మళ్ళీ వేలితో తడిమి చూసేది. నేను మూడుసార్లు చెప్పాను. "లేదు మేడమ్, నేను తాకలేదు" అనేది. అబద్ధం చెప్పేది కాదు, తాకుతున్న సంగతి తనకే తెలియదు. నాలుగోసారి వీడియో తీసి ఫోన్ తన చేతికే ఇచ్చాను. పదిహేను సెకన్ల తర్వాత తనే ఆపి, "అయ్యో, తాకేశాను కదా" అంది. ఆ తర్వాత ఆ సంగతి నేను మళ్ళీ చెప్పాల్సి రాలేదు.

కింద రాసిన పద్ధతికంతా ఆధారం ఆ పదిహేను సెకన్లే. నేర్చుకునేవాళ్ళు ముందు చూడాలి, ట్యూటర్ తర్వాత మాట్లాడాలి, అదే రోజు మళ్ళీ చేయించాలి.

1. ఏం తీయాలో ముందు కాగితం మీద రాసుకోండి

ఒక సెషన్‌కి ఒక్క పని. క్యాన్యులా పెట్టడం, ఇంజెక్షన్ ఇవ్వడం, డ్రెస్సింగ్ మార్చడం, సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం, ఊపిరివ్వడం), పుట్టిన బిడ్డకి బ్యాగ్ మాస్క్‌తో ఊపిరివ్వడం, రోగితో మాట్లాడి వివరాలు రాబట్టడం. వీటిలో ఏదైనా ఒకటి.

ఆ పనిలో కెమెరాకి కనిపించే అంశాలు ఎనిమిదో పదో రాసుకోండి. "ఆత్మవిశ్వాసంతో చేసింది" అని రాస్తే వీడియోలో దేన్ని చూడాలి? "తుడిచాక ఆరేదాకా ఆగింది" అని రాస్తే ఎవరైనా చూసి అవుననో కాదనో చెప్పగలరు.

క్యాన్యులాకి నేను వాడే పట్టిక ఇది:

- "మీ పేరేంటమ్మా?" అని అడిగి చేతి బ్యాండ్‌తో సరిచూసింది. ("మీరు లక్ష్మిగారే కదా?" అని అడిగితే మత్తులో ఉన్నవాళ్ళు దేనికైనా ఊఁ అంటారు.)
- హ్యాండ్ రబ్‌తో (శానిటైజర్) 20–30 సెకన్లు చేతులు రుద్దుకుంది.
- టూర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టి, నరం చూసుకుంది.
- 30 సెకన్లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చింది.
- ఆరిన చోటుని మళ్ళీ తాకలేదు.
- సూదిని 10–30 డిగ్రీల కోణంలో పెట్టింది. రక్తం కనిపించగానే కోణం తగ్గించింది.
- సూది బయటికి తీసే ముందు టూర్నికే విప్పింది.
- సూదికి మూత పెట్టకుండా నేరుగా తెల్లటి షార్ప్స్ డబ్బాలో (వాడిన సూదులు వేసేది) వేసింది.
- ప్లాస్టర్ మీద తేదీ, టైము రాసింది.
- వెళ్ళే ముందు రోగికి ఒక మాట చెప్పింది.

కెమెరాకి అందనివి కూడా ఉన్నాయి. వేలి కింద నరం ఎలా తగిలిందో, స్టెతస్కోపులో ఏం వినిపించిందో, పొట్ట నొక్కినప్పుడు ఎంత బిగుసుకుందో వీడియో చెప్పదు. వాటిని పక్కన నిలబడి, చేతిలో చెయ్యి వేసి నేర్పాల్సిందే.

2. అనుమతి, కెమెరా తీసే ముందే

ఈ మెట్టు దాటవేసి మిగతావన్నీ బాగా చేసినా ఏమీ చేయనట్టే. మొదటి రెండు నెలలు నిజమైన రోగుల్ని తీయొద్దు. మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మ మీద, కృత్రిమ చెయ్యి మీద, లేదా రోగిలా నటించే సహోద్యోగి మీద చేయించండి. ఫీడ్‌బ్యాక్‌కి కావాల్సిందంతా అందులోనే దొరుకుతుంది.

విద్యార్థి దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాల్సినవి:

- వీడియో దేనికోసం: నేర్చుకోవడానికే, మార్కులకి కాదు.
- ఎవరెవరు చూస్తారు: తను, ట్యూటర్.
- ఎన్ని రోజులుంటుంది, ఏ తేదీన చెరిపేస్తారు.
- వద్దనుకుంటే ఏ క్షణంలోనైనా ఆపమనొచ్చు, దానివల్ల ఏ నష్టమూ ఉండదు.

చివరి మాట కాగితం మీద ఉంటే చాలదు, నోటితో చెప్పండి. మొదటి సంవత్సరం పిల్లలు మేడమ్ ముందు "వద్దు" అనలేరు. సంతకం పెట్టేశారు కదా అని ఇష్టపడ్డారనుకోకండి.

వార్డులో తీయక తప్పదనుకుంటే ముందు సంస్థ నుంచి, ఎథిక్స్ కమిటీ ఉంటే దాని నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. రోగి అనుమతి ఆ తర్వాత విడిగా తీసుకోవాలి. ఆపరేషన్ సమ్మతి పత్రంలోనే దీన్నీ ఒక మూల ఇరికించొద్దు. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, పాడేరు, అరకు కొండల నుంచి, సరిహద్దు దాటి కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా జనం వస్తారు. తెలుగు కాగితం చదవలేనివాళ్ళకి ఒడియాలోనో, ఆదివాసీ ఒడియాలోనో, కువిలోనో (అక్కడి ఆదివాసీల భాష) చెప్పగలిగే మనిషి పక్కన ఉండాలి. లేకపోతే ఆ రోజు తీయొద్దు. నొప్పితో మెలికలు తిరుగుతున్నవాళ్ళని, స్పృహ సరిగా లేనివాళ్ళని అడగనే వద్దు.

గుర్తుపట్టగలిగే వీడియో వ్యక్తిగత సమాచారమే. దాన్ని ఏ పనికని చెప్పి తీశారో ఆ పనికే వాడాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని మూల సూత్రం. ఫ్రేములో ముఖం, కేస్ షీటు, మంచం నంబరు బోర్డు, చేతి బ్యాండ్ మీది పేరు పడకుండా చూసుకోండి.

3. ఫోన్, వెలుతురు, చప్పుడు

ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోనూ, ఒక ట్రైపాడూ, వీలైతే ఒక చిన్న కాలర్ మైకూ ఉంటే చాలు. జగదాంబ జంక్షన్ దగ్గర మొబైల్ షాపుల్లో ఈ రెండూ దొరుకుతాయి. ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలిగితే ట్రైపాడ్ కొనండి. చేత్తో పట్టుకుని తీసే స్నేహితురాలు నవ్వుతుంది, కదులుతుంది, అసలు క్షణంలో వేరేవైపు తిప్పేస్తుంది.

వ్యక్తిగత ఫోన్ వాడకండి. విభాగానికి ఒక ఫోన్ కేటాయించమని అడగండి, పాతదైనా ఫర్వాలేదు. ఎందుకో 9లో చెబుతాను.

తీసే ముందు చూసుకోవాల్సినవి:

- ఫోన్ అడ్డంగా, 720పీ లేదా 1080పీ, సెకనుకి 30 ఫ్రేములు. 720పీకి నిమిషానికి సుమారు 40–60 ఎంబీ పడుతుంది, ఖాళీ ఉందో లేదో చూడండి.
- ఎయిర్‌ప్లేన్ మోడ్. మధ్యలో ఫోనొస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.
- ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేసి ఉండాలి.
- స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ కదలకుండా చేయండి. లేకపోతే గ్లవుజు అడ్డొచ్చినప్పుడల్లా వీడియో మసకబారుతుంది.
- ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి తెచ్చిన ఫోన్ లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఐదు నిమిషాలు ఆగి, మెత్తటి బట్టతో తుడవండి.
- సముద్రం వైపు కిటికీలున్న గదుల్లో ఉదయం పూట ఎండ నేరుగా లోపలికొస్తుంది. కెమెరా వీపు కిటికీ వైపు ఉండాలి. ఎదురుగా పెడితే మనిషి నల్లటి నీడలా మాత్రమే పడుతుంది.
- సీలింగ్ ఫ్యాను చప్పుడు మాటల్ని మింగేస్తుంది. కాలర్ మైకు లేకపోతే ఆ ఐదు నిమిషాలూ ఫ్యాను ఆపండి.

4. కెమెరా ఎక్కడ పెట్టాలి

వీడియోల్లో సగం ఇక్కడే పాడవుతాయి. అందరూ విద్యార్థికి ఎదురుగా పెడతారు. ముఖం బాగా కనిపిస్తుంది, చేతులు కనిపించవు. పైగా ఎదురు నుంచి తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. చూసేటప్పుడు ఆ అమ్మాయి మనసులో అద్దం తిప్పుకోవాల్సొస్తుంది.

*చేతి పనులకి:* కుడిచేతి వాటమైతే ఎడమ భుజం వెనక నుంచి, తల కంటే కాస్త ఎత్తులో, కిందికి వంచి పెట్టండి. తన కళ్ళతో తను చూసినట్టే కనిపిస్తుంది. బొమ్మ మోచేయి నుంచి వేళ్ళ దాకా, పక్కనున్న ట్రే, షార్ప్స్ డబ్బా ఫ్రేములో పడాలి. ట్రే పడకపోతే ఏ వస్తువు మర్చిపోయి మధ్యలో లేచిందో తెలియదు. ఎడమచేతి వాటమైతే ఇదంతా కుడివైపు.

*సీపీఆర్‌కి:* పక్క నుంచి, బొమ్మ ఛాతీ ఎత్తులో. అప్పుడే మోచేతులు వంగాయా, భుజాలు చేతుల మీదికి నిలువుగా వచ్చాయా, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేచిందా అన్నది తెలుస్తుంది. వేగం లెక్క వీడియో టైములోనే ఉంటుంది. నిమిషానికి 100–120 అంటే 30 నొక్కులకి 15 నుంచి 18 సెకన్లు. 12 సెకన్లలో అయిపోతే కంగారు పడుతున్నారన్నమాట. 22 పడితే అలిసిపోయారు. రెండు శ్వాసలిచ్చి మళ్ళీ నొక్కడం మొదలుపెట్టడానికి 10 సెకన్లు దాటిందేమో కూడా చూడండి. లోతు 5 సెంటీమీటర్లు దాటాలి, 6 దాటకూడదు. అది మాత్రం వీడియో చూసి చెప్పొద్దు. బొమ్మలో ఉండే క్లిక్కో, మీటరో చెప్పాలి.

*పుట్టిన బిడ్డ బొమ్మకి:* తల వైపు పైనుంచి. మాస్క్ అంచు, ఛాతీ లేవడం రెండూ పడాలి. గోడ గడియారం గానీ, స్టాప్‌వాచ్ పెట్టిన మరో ఫోన్ గానీ ఫ్రేములో ఉంచండి. ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోపే ఊపిరివ్వడం మొదలవ్వాలి కాబట్టి ఇక్కడ గడియారమే ముఖ్యం. నిమిషానికి 40–60 శ్వాసలు, అంటే 30 సెకన్లకి 20–30. లెక్కపెట్టమని ఆ అమ్మాయికే చెప్పండి.

*మాటలకి:* ఇద్దరూ పక్క నుంచి కనిపించాలి, చేతులతో సహా. విద్యార్థి ఒక్కరినే తీస్తే, రోగి ముఖం ఎప్పుడు ముడుచుకుందో తెలియదు.

*జట్టు పనికి:* బీరువా పైన, గది మూల నుంచి, అందరూ పడేలా.

5. తీసే సమయంలో వరుస

1. రెండు నిమిషాలు ఏం చేయబోతున్నారో చెప్పండి. పట్టిక విద్యార్థి చేతికివ్వండి. అంశాలు దాచిపెట్టడం పరీక్షలో పని, ఇక్కడ కాదు.
2. "ఈసారి నన్ను దేన్ని గమనించమంటావమ్మా?" అని అడగండి. "తుడిచేటప్పుడు నా చేతులు చూడండి మేడమ్" అంటే ఆ మాట రాసుకోండి. తర్వాత సంభాషణ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.
3. 20 సెకన్లు ఉత్తినే తీసి, వెంటనే వేసి చూడండి. మాట వినిపిస్తోందా, చేతులు పడుతున్నాయా?
4. మొదట్లో పేరు బదులు కోడ్, ఎన్నో ప్రయత్నమో చెప్పించండి: "బీ-7, రెండో ప్రయత్నం."
5. ఇక మీరు మాట్లాడొద్దు. ఇది కష్టం. తప్పు కనపడగానే నోరు తెరుచుకుంటుంది. కాగితం మీద టైము, ఒక మాట మాత్రం రాసుకోండి: "2:10 – వేలు."
6. అసలు రోగి అయి, ప్రమాదం కనిపిస్తే మాత్రం రికార్డింగ్ సంగతి వదిలేసి వెంటనే చేయి వేయండి.
7. చివరి అంశం అయ్యాక ఐదు సెకన్లు ఆగి ఆపండి. చేతులు కడుక్కోవడం, చెత్త వేయడం ఆ చివర్లోనే ఉంటాయి.

6. చూపించే ముందు మీరొక్కసారి చూడండి

ఆరు నిమిషాల వీడియోలో చూపించాల్సింది మూడు ముక్కలు దాటొద్దు, ఒక్కోటి 20–40 సెకన్లు. వాటిలో ఒకటి బాగా చేసినది ఉండి తీరాలి. మంచి పనిని ఎందుకు మంచిదో చూపించకపోతే, భయంలో దాన్నీ మార్చేసుకుంటారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

కంప్యూటర్‌లో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ చాలు. ఉచితం, నెట్ అక్కర్లేదు. ఎడమ స్క్వేర్ బ్రాకెట్ మీట నొక్కితే వేగం కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఆంగ్లాక్షరం 'ఈ' నొక్కితే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. వేలు తాకిందా లేదా అన్న వాదన అక్కడితో తేలిపోతుంది. కత్తిరించి అతికించే ఎడిటింగులు పెట్టుకోకండి. కాగితం మీద టైములు చాలు.

7. పక్కన కూర్చుని మాట్లాడటం

ఇక్కడ తొందరపడితే ముందు చేసిందంతా వృథా. వీలైతే గంటలోపు, కనీసం అదే రోజు. పదిహేను నిమిషాలు. తలుపు మూసిన గది. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన కూర్చోండి, ముందు స్క్రీన్. మౌస్ గానీ ఫోన్ గానీ విద్యార్థి చేతిలో ఉండాలి. ఆపేది తను.

మొదటి నిమిషం వదిలేయండి. తనని తాను స్క్రీన్ మీద చూసుకోగానే ఎవరికైనా కనిపించేది పని కాదు. "నా గొంతు ఇలా ఉంటుందా", "ఎంత లావున్నాను" అనుకుంటారు. ఆ నిమిషం పోనివ్వండి. "అందరికీ అలాగే ఉంటుందమ్మా, నాకూ అంతే" అని చెప్పి మళ్ళీ మొదటి నుంచి వేయండి.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు, ఇదే వరుసలో:

- ఏం కనిపించింది?
- ఆ క్షణంలో నీ మనసులో ఏముంది?
- మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు?

రెండో ప్రశ్న దగ్గర మాట జాగ్రత్త. "ఎందుకలా చేశావు?" అంటే మన భాషలో అది ప్రశ్న కాదు, నింద. ఇంట్లో గ్లాసు పగలగొట్టినప్పుడు అమ్మ అడిగే మాట. వెంటనే సంజాయిషీ మొదలవుతుంది. "అప్పుడు దేనికోసం చూస్తున్నావు?" అంటే అసలు కారణం బయటికొస్తుంది. వేలితో తడిమిన నర్సు విషయంలో కారణం నిర్లక్ష్యం కాదు. తుడిచాక నరం ఎక్కడుందో మర్చిపోతానని భయం. కారణం అదని తెలిశాక పరిష్కారం తేలికైంది. తుడిచే ముందే పక్కనున్న పుట్టుమచ్చో, మడతో గుర్తు పెట్టుకోమన్నాను.

మాటలు ఎలా సాగుతాయో ఒక నమూనా:

"నీకెక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపమ్మా."

(కాసేపటికి) "ఇక్కడ మేడమ్. టూర్నికే విప్పకుండా సూది తీసేస్తున్నాను."

"అప్పుడు దేని మీద ఉంది నీ ధ్యాస?"

"రక్తం వచ్చేసింది కదా అని సంతోషం మేడమ్. చెయ్యి కదిలితే పోతుందని భయం కూడా."

"మరి ఈసారి?"

"రక్తం కనపడగానే 'టూర్నికే' అని పైకి అనుకుంటాను మేడమ్."

ఇందులో ట్యూటర్ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆ అమ్మాయి చెప్పిన మాటనే రాసుకుని, రెండో ప్రయత్నంలో అదే చూడాలి.

మౌనం వస్తే మనసులో పది లెక్కపెట్టండి. మనం నోరు మూసుకుంటే వాళ్ళు మాట్లాడతారు. అప్పటికీ పలకకపోతే ఒక కాగితమిచ్చి మూడు వాక్యాలు రాయమనండి. బొబ్బిలి, పలాస వైపు నుంచి వచ్చిన కొందరు పిల్లలు తమ యాసకి ఎవరైనా నవ్వుతారేమోనని నోరు విప్పరు. కాగితం మీద చక్కగా రాస్తారు.

మీ వంతు వచ్చినప్పుడు: తను గమనించనిది ఒక్కటే చూపించండి. టైము చెప్పి, కనిపించింది చెప్పండి.

- "నీ అసెప్టిక్ టెక్నిక్ ఇంకా మెరుగుపడాలి" అని వద్దు. "2:10 దగ్గర, ఆరిన చోట నీ చూపుడు వేలు చూడు" అనండి.
- "బాగానే చేశావు గానీ…" అని వద్దు. గానీకి ముందున్నది ఎవరికీ వినపడదు. మంచిది విడిగా చెప్పి, ఆగి, ఊపిరి తీసుకుని, తర్వాతది చెప్పండి.
- "మా రోజుల్లో…" అని అసలొద్దు.

పిలుపు కూడా చూసుకోండి. మొదటి సంవత్సరం అమ్మాయిని "అమ్మా, నువ్వు" అనొచ్చు. పదేళ్ళ సర్వీసున్న స్టాఫ్ నర్సుని "సిస్టర్, మీరు" అనాలి. హౌస్ సర్జన్‌ని వయసు ఎంతైనా "డాక్టరుగారూ, మీరు" అనాలి. స్క్రీన్ మీద తమ తప్పు కనిపిస్తున్నప్పుడు ఆ చిన్న మర్యాదే వాళ్ళని కూర్చోబెడుతుంది.

చివరికి ఒకే ఒక్క మార్పు. తన మాటల్లో, తన చేత్తో, పట్టిక కింద రాయించండి. మూడు రాయిస్తే ఒకటీ జరగదు.

8. మళ్ళీ చేయించడం

చూసిన వెంటనే, అదే గదిలో, ఆ ఒక్క ముక్కే మళ్ళీ చేయించండి. మొత్తం క్యాన్యులా అక్కర్లేదు. తుడవడం నుంచి సూది పెట్టడం దాకా, ఒకటిన్నర నిమిషం. దాన్నీ తీయండి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. ఏమీ చెప్పకండి.

రెండో వీడియో చూసుకుంటున్నప్పుడు వాళ్ళ ముఖాల్లో వచ్చే మార్పు కోసమే నేను ఈ పని ఇన్నేళ్ళుగా వదలకుండా చేస్తున్నాను. నిజంగా చెబుతున్నాను, మాటతో ఎన్నిసార్లు మెచ్చుకున్నా అది రాదు.

టైము లేదని ఈ మెట్టు వదిలేసేవాళ్ళే ఎక్కువ. అలా అయితే చూపించడం తగ్గించండి, చేయించడం తగ్గించకండి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి, ఈసారి మొత్తం పని.

*రోగితో మాటల వీడియోకి కొన్ని ప్రత్యేకం.* రోగిలా నటించే మనిషికి మన ఊరి మాట రావాలి. "రెండ్రోజుల కాడ్నుంచి కడుపులో మెలిపెట్టేస్తంది బాబూ, అన్నం సయించట్లేదు" అనాలి గానీ, పుస్తకంలోలా "ఉదరంలో నొప్పి" అంటే నేర్చుకునేది ఏముంటుంది?

చూసేటప్పుడు మూడుసార్లు చూడండి. ఒకసారి మామూలుగా. ఒకసారి శబ్దం ఆపేసి, చూపు ఎటుంది, చేతులు ఏం చేస్తున్నాయి, కుర్చీ ఎంత దూరం. ఒకసారి స్క్రీన్ తిప్పేసి, విని మాత్రమే. రోగి మొదలుపెట్టిన మాట ఎన్నో సెకనులో తెగిందో విద్యార్థినే లెక్కపెట్టమనండి. అమెరికాలో 1984లో వచ్చిన ఒక అధ్యయనంలో 74 సంభాషణలు విన్నారు. డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డుపడ్డారు. ఓపీ రద్దీలో మన లెక్క ఎంతో మీ వీడియోలోనే తెలుస్తుంది. ఆ సెకన్లు పెంచడమే ఆ రోజు ఒక్క మార్పు కావచ్చు.

తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

*క్లాసందరి ముందు వేయడం.* మొదట విడిగానే. అందరికీ చూపించాలంటే ఆ విద్యార్థి కొత్తగా ఒప్పుకోవాలి. అంతకంటే ముందు మీ వీడియో వేయండి. నేను మూడుసార్లు ప్రయత్నించి క్యాన్యులా పెట్టలేకపోయిన వీడియో ఒకటి కొత్త బ్యాచ్‌కి మొదటి రోజే చూపిస్తాను. "నేనెక్కడ తప్పానో చెప్పండి" అంటాను. ఆ రోజు నుంచి వాళ్ళకి కెమెరా అంటే భయం సగం తగ్గుతుంది.

*మార్కులకీ అదే వీడియో.* వద్దు. మార్కులున్నాయని తెలిస్తే తెలియనిది దాచేస్తారు. లాగ్‌బుక్ సంతకాలకీ, ఇంటర్నల్స్‌కీ వేరే రోజు, వేరే పద్ధతి.

*"కెమెరా ఉంది కాబట్టే అలా చేశాను."* నిజమే కావచ్చు. ట్రైపాడ్‌ని వారం పాటు గదిలో అలాగే ఉంచండి, తీసినా తీయకపోయినా. నాలుగో రోజుకి ఎవరూ పట్టించుకోరు.

*తప్పులు మాత్రమే చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం.* ఆపేయండి. మంచినీళ్ళివ్వండి. "ఇందులో మార్చకుండా ఉంచుకోవాల్సినవి రెండు చెప్పు" అని అడగండి. చెప్పలేకపోతే మీరు టైముతో సహా చూపించండి. ఆ రోజుకి అంతే, మిగతాది రేపు.

*ట్యూటరే మాట్లాడుతూ పోవడం.* ఒకసారి మీ ఫీడ్‌బ్యాక్ సెషన్‌నే రికార్డు చేసుకోండి, విద్యార్థిని అడిగి. పదిహేను నిమిషాల్లో మీ మాట ఎంత, తన మాట ఎంత అని చూడండి. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు పన్నెండు నిమిషాలు నేనే మాట్లాడాను. ఆ తర్వాతే పైన రాసిన మూడు ప్రశ్నల దగ్గరికి వచ్చాను.

9. దాచడం, చెరపడం

వాట్సాప్‌లో పంపొద్దు. విద్యార్థి "నాకు పంపండి మేడమ్, ఇంట్లో చూసుకుంటాను" అన్నా వద్దు. ఒకసారి గ్రూపులోకి వెళ్ళినది వెనక్కి రాదు. ల్యాబ్‌కి వచ్చి ఎన్నిసార్లయినా చూసుకోనివ్వండి.

వ్యక్తిగత ఫోన్ వద్దన్నది కూడా ఇందుకే. బ్యాకప్ ఆన్‌లో ఉంటే వీడియో మీకు తెలియకుండానే మీ సొంత ఖాతాలోకి వెళ్ళిపోతుంది. చెరిపేశామనుకున్నా వెంటనే పోదు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులుంటాయి. ఐఫోన్‌లో కూడా చెరిపినవి కొన్నాళ్ళు విడి ఫోల్డర్‌లో దాగి ఉంటాయి. అక్కడికి వెళ్ళి రెండోసారి చెరపాలి.

- అదే రోజు ఫోన్‌లోంచి విభాగం కంప్యూటర్‌లోకి, పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్‌లోకి మార్చండి.
- ఫైలు పేరులో కోడ్, తేదీ మాత్రమే. కోడ్ ఎవరిదో చెప్పే పుస్తకం వేరే బీరువాలో.
- ఒక రిజిస్టరు: తీసిన తేదీ, ఎవరు చూశారు, చెరపాల్సిన తేదీ, చెరిపిన తేదీ, రెండు సంతకాలు.
- గడువు ముప్పై రోజులు. వారం తర్వాత తీసే వీడియోతో పోల్చుకోవడానికి ఇది చాలు.
- ఫోన్, కంప్యూటర్, ట్రాష్: మూడు చోట్లా చెరపండి.

రిజిస్టరులో రెండో సంతకం విద్యార్థిది. చెరిపేటప్పుడు తనని పక్కన కూర్చోబెట్టుకుంటాను, మీట తనతోనే నొక్కిస్తాను. కొందరు అప్పుడు, "చెరిపే ముందు మొదటిదీ చివరిదీ ఒకసారి చూడొచ్చా మేడమ్?" అని అడుగుతారు. అందుకని ఆ పనికి ఐదు నిమిషాలు ఎక్కువే రాసి పెట్టుకోండి.